ఒక్క మేకు

మా వృత్తిలో మొదటి పాఠం నోరు మూసుకోవడం. కొత్త వస్తువు కనిపెట్టినవాడు సంతోషం పట్టలేక దరఖాస్తు పెట్టకముందే పదిమందికీ చెప్పేశాడా, ఇక అంతే సంగతులు. లోకానికంతటికీ తెలిసిపోయినదాని మీద హక్కు ఎవడిస్తాడు? అందుకని కాకినాడలో మా ఆఫీసు గుమ్మం ఎక్కినవాళ్లకి నేను కుర్చీ కంటే ముందు ఈ మాటే వేస్తాను. పాలు పొంగనివ్వని మూత, తుప్పు పట్టని చువ్వ, రొయ్యల చెరువులో తనంతట తానే తిరిగే గాలిమర, చెమట పడితే చల్లబడే చొక్కా, అన్నీ నా చేతుల మీదుగా పేటెంటు ఆఫీసుకి వెళ్లినవే. నా పేరు కృపానందం. మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, ఊరందరి రహస్యాలూ కడుపులో దాచుకుని గ్యాసు ట్రబులు తెచ్చుకున్న మనిషిని.

ఓలేటి చంద్రమతి గారు మొదటిసారి వచ్చినప్పుడు తానెవరో ఏమిటో చెప్పలేదు. ఒకదానికొకటి అతుక్కున్న రెండు ఉక్కు పలకలు నా బల్ల మీద పెట్టి, "విడదియ్యండి చూద్దాం" అన్నారు. నేను లాగాను. మా గుమస్తా లాగాడు. పక్క షెడ్డు మెకానిక్కు సుత్తీ ఉలీ తెచ్చి చెమటలు కక్కి, ఉలి వంకర పోయాక నాకేసి గుర్రుగా చూసి వెళ్లిపోయాడు. అప్పుడు ఆవిడ సంచిలోంచి చిన్న సీసా తీసి, నీళ్లలాంటిది ఒక చెంచాడు అతుకు అంచున పోశారు. కాసేపటికి పలకలు రెండూ ఏమీ ఎరగనట్టు జారి విడిపోయాయి.

"దీని పేరు ఉడుం. పట్టిందంటే వదలదండీ."

"ఇప్పుడు వదిలిందిగా?"

"నేను వదలమన్నాను కాబట్టి వదిలింది."

ఆవిడ రసాయన శాస్త్రంలో పెద్ద చదువు చదివి, ఉద్యోగం మానేసి, సర్పవరం దగ్గర అద్దె షెడ్డులో ల్యాబు పెట్టుకున్న మనిషి. ఉడుం కథ నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ జిగురు లోపల కోటానుకోట్ల కొక్కేలు ఉంటాయట. ఒక్కో కొక్కేనికీ గొళ్లెం బోరాన్ అనే మూలకం. సీసాలోని ద్రవానికి ఆవిడ 'విడుపు' అని పేరు పెట్టారు. అది వెళ్లి బోరాన్‌ని లాగేసుకుంటుంది, కొక్కెం ఊడిపోతుంది.

"మరి ఒక్క చెంచాతో ఇంత అతుకు ఎలా ఊడింది?"

"అదేనండీ దీని గొప్ప. ఒక కొక్కెం ఊడాక విడుపు ఖర్చయిపోదు. పక్కదాని మీదికి పోతుంది. చిన్న దారి దొరికిందంటే అతుకు పొడవునా తనే పాక్కుంటూ పోతుంది." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం ఎంత వెలిగిందో నాకు ఇంకా గుర్తుంది.

ఆవిడది తాళ్లరేవు దగ్గర పడవలు కట్టే కుటుంబం. మేకు తుప్పుపడితే దాని చుట్టూ చెక్క పుచ్చుతుంది. పడవ ముసలిదైతే పలకలన్నీ పగలగొట్టి పొయ్యిలో పెట్టడమే. తుప్పు పట్టని అతుకూ కావాలి, కావాలంటే పలకలు చెక్కుచెదరకుండా విడిపోవాలి. ఆవిడ చిన్నప్పటి నుంచీ మనసులో తిప్పుకున్న కోరిక అది.

అయితే అసలు పరీక్ష వేరే ఉంది. విడుపు తప్ప ఇంకేదీ ఉడుంని వదిలించకూడదు. ల్యాబులో గోడ పొడవునా ప్లాస్టిక్ టబ్బులు పెట్టి, అతికించిన చెక్కల్ని వాటిలో నెలల తరబడి నానబెట్టారు. ఉప్పునీరు, డీజిలు, చేపనూనె, కల్లు, కుంకుడు రసం, పేడనీళ్లు. ఆ షెడ్డులో అడుగు పెడితే ల్యాబో, సంతో తెలిసేది కాదు. పసుపునీళ్ల టబ్బు కూడా ఉంది. దాని పక్కనే సున్నపు నీళ్ల టబ్బు.

"పసుపెందుకండీ?" అని అడిగాను.

"మనవాళ్లు పసుపు రాయని వస్తువు ఏదైనా ఉందా చెప్పండి? బియ్యం మిల్లు దగ్గర్నుంచి లారీ దాకా. ఫారిన్ వాడైతే మర్చిపోతాడు, నేనెలా మర్చిపోతాను?"

టబ్బులో పసుపంతా అడుక్కి పేరుకుని, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. చెక్క కదల్లేదు. సున్నం టబ్బులోనూ కదల్లేదు. ఆవిడ రెండింటికీ తృప్తిగా టిక్కు పెట్టుకున్నారు. నేను దరఖాస్తులో నా జీవితంలోకెల్లా అందమైన వాక్యం రాశాను: మేకు, మర, బోల్టు వంటి లోహపు ఆధారం ఏదీ లేకుండా పడవ మొత్తాన్ని నిలబెట్టగల జిగురు.

పడవ అని ఎందుకు రాశానంటే, అప్పటికే అన్నాచెల్లెళ్లు పడవ మొదలుపెట్టేశారు. తాళ్లరేవు కాలవ ఒడ్డున చంద్రమతి గారి అన్నయ్య నూకరాజుకి పడవల పాక ఉంది. గౌతమి పాయ దాటించే ప్రయాణికుల పడవ, ఒక్క మేకు లేకుండా కట్టాలని పట్టుదల. నేను చూడ్డానికి వెళ్లిన రోజు పడవ ముక్కు దగ్గర మొదటి పలక బిగిస్తున్నారు. నూకరాజు భార్య లోవకుమారి, పసుపు రాసిన పొడుగాటి ఇనపమేకు అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంది.

"ముక్కు పలక్కి మొదటి మేకు ఇంటాడది పసుపు రాసిత్తేనే కొడతారు చంద్రమ్మా. మా అత్తగారూ అలాగే ఇచ్చేది. నీ జిగురు నువ్వు పెట్టుకో. ఇదొక్కటి కొట్టించు, ఒక్కటంటే ఒక్కటి."

"కుదరదు వదినా."

"ఏం, కొంప మునుగుద్దా?"

చంద్రమతి గారు నా వైపు చూశారు. చట్టం చెప్పాల్సిన చోట చెప్పకపోతే నేనెందుకు? "ఒక్క మేకున్నా రేపు ఎదుటివాడు, పడవని నిలబెట్టింది మీ జిగురు కాదు, ఆ మేకేనంటాడమ్మా" అన్నాను. లోవకుమారి నన్ను పెళ్లిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూసింది.

"మీ కాయితం కోసం శకునం మానుకోమంటారు. మంచిదండీ." మేకుని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. నూకరాజు తల గోక్కుంటూ ఒకసారి భార్య వైపూ, ఒకసారి చెల్లెలి వైపూ చూసి, జిగురు డబ్బా అందుకున్నాడు.

పడవ పూర్తయింది. నీళ్లలో నెలల తరబడి నానబెట్టారు, ఇసుక బస్తాలు నింపి తిప్పారు, కావాలని ఇసుక దిబ్బకేసి కొట్టారు. ఒక్క అతుకు సడల్లేదు. బెంగళూరు కంపెనీ ఒకటి ఉడుం హక్కులు కొనడానికి ముందుకొచ్చింది. వాళ్ల తరఫున దినకర్ అనే ఆయన వచ్చాడు. నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు, తెలుగువాడే. పడవ మొదటి ప్రయాణం దేశమంతా లైవ్‌లో చూడాలన్నాడు. ఆ సాయంత్రమే సంతకాలు.

ప్రారంభం రోజు పొద్దున్నే గౌతమి ఒడ్డున షామియానా వేశారు, మైకు పెట్టారు, కెమెరాలు పెట్టారు. పాకలో పనిచేసేవాళ్ల కుటుంబాలూ, చుట్టాలూ, పిల్లలూ పడవెక్కారు. అవతలి ఒడ్డున భోజనాలు. చేపల పులుసు గిన్నెలు, అన్నం డేగిసాలు ముందే పడవలోకి ఎక్కించారు. ముక్కుకి నిమ్మకాయల దండలు కట్టారు. ముక్కు మీద 'శ్రీ లోవతల్లి' అని చెక్కిన ఇత్తడి పలక మెరుస్తోంది. దాన్నీ ఉడుంతోనే అంటించారు.

లోవకుమారి దిష్టి తీయడానికి వచ్చింది. మాది క్రైస్తవ కుటుంబం, మా ఇంట్లో ఈ పద్ధతి లేదు. కానీ పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేయడం, కొత్త పెళ్లికూతురికీ బాలింతకీ కొత్త లారీకీ వాటితో దిష్టి తీసి పారబోయడం పక్కింట్లో చూస్తూ పెరిగినవాణ్ణే. మామూలుగా పళ్లెంలో కలుపుతారు. ఆవిడ బిందెడు కలిపింది.

"ఇన్ని నీళ్లా అమ్మా?" అన్నాను నవ్వుతూ.

"మేకు ఎలాగూ కొట్టనివ్వలేదు. దిష్టయినా గట్టిగా తియ్యొద్దా అండీ?"

కర్పూరం వెలిగించిన పళ్లెం ముక్కు చుట్టూ తిప్పింది. సగం బిందె బయటి నుంచి ఇత్తడి పలక మీద పోసింది. పడవెక్కి మిగతా సగం ముక్కు లోపలి అతుకు మీద పోసింది. జనం చప్పట్లు కొట్టారు. నూకరాజు ఇంజను వేశాడు. పడవ వెనక్కి జరిగి, తిరిగి, పాయలోకి వెళ్లిపోయింది. కెమెరాల కోసం చంద్రమతి గారూ, దినకరూ, నేనూ ఒడ్డునే ఉండిపోయాం.

అది వెనక్కి జరిగేటప్పుడు ఇత్తడి పలక జారి ఒడ్డు బురదలో పడింది. చప్పట్లలో ఎవరూ చూడలేదు. నేను చూశాను. తీసి తుడిచి, "చంద్రమతి గారూ, మీ ఉడుం మొదటి రోజే పారిపోయిందండోయ్" అంటూ అందించాను.

ఆవిడ పలక వెనక్కి తిప్పి చూశారు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. బలవంతంగా ఊడితే ఉడుం చెక్కని చీల్చుకుని వస్తుంది. ఈ పలక వెనకాల కడిగిన కంచంలా ఉంది.

"దీని మీద విడుపు ఎవరు పోశారు?"

"సీసా మీ సంచిలోనే ఉందిగా అండీ."

పలక అంచున ఎర్రటి చార ఉంది. ఆవిడ బొటనవేలితో రుద్ది, వాసన చూశారు. తర్వాత మాటలు తనలో తను అనుకున్నట్టు వచ్చాయి. "పసుపు నీళ్లలో కరగదు. అందుకే టబ్బులో ఏమీ కాలేదు. సున్నం పడితే కరుగుతుంది. కరిగిన పసుపు బోరాన్‌ని వదలదు... విడివిడిగా పెట్టాను కృపానందం గారూ. రెండు టబ్బులూ పక్కపక్కనే ఉన్నాయి. కలిపి పెట్టలేదు."

పడవ లోపలి అతుకు మీద సగం బిందె పోసిన సంగతి అప్పుడు నాకు తట్టింది. ఎర్రనీళ్లూ ఇప్పుడు విడుపే. విడుపుకి ఒక చెంచా చాలు. దారి దొరికితే తనే పాక్కుంటూ పోతుంది. ఆవిడ గర్వంగా చెప్పిన మాటే అది. పడవ అప్పటికే లోతు నీళ్లలో ఉంది. ఒడ్డున ఇంకో ఇంజను పడవ లేదు, ఉన్నవి చేపల నావలు.

ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేశారు. ఇంజను మోతలో అతనికి వినపడలేదు. దినకర్ దగ్గరికొచ్చి విషయం విని, ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"మేడమ్, వెనక్కి రమ్మనండి. ఇంజను ట్రబులని చెప్పండి. పసుపు, సున్నం అన్న మాటలు మాత్రం అనకండి. లైవ్ నడుస్తోంది. వంటింట్లో దొరికేవాటితో ఊడిపోయే జిగురని తెలిస్తే మీ ఇన్నేళ్ల కష్టం ఈ నిమిషంతో సరి."

అబద్ధం ఎందుకు, నా నోరు కూడా అలవాటుగా మూతపడింది. ఆయన చెప్పింది మా వృత్తి మొదటి పాఠమే. చంద్రమతి గారు తల ఊపి వదినకి ఫోన్ కలిపారు. స్పీకరులో పడవలోని పాటలూ పిల్లల కేకలూ వినపడుతున్నాయి.

"వదినా, అన్నయ్యని పడవ వెనక్కి తిప్పమను. ఈలోగా ముక్కు లోపల నువ్వు పోసిన నీళ్లున్నాయే, వాటి మీద నిమ్మకాయలు పిండి కడిగించు."

"దిష్టి నీళ్లు కడుగుతారా ఎవరన్నా?"

"కడగాలి వదినా, ఎందుకో తర్వాత చెప్తాను."

"మేకు వద్దన్నావు, ఊరుకున్నాను. ఇప్పుడు దిష్టి కూడా వద్దా? నేనేం చేసినా నీకు నామోషీయే. కెమెరాల ముందు మా ఆచారాలు కనపడకూడదా?" ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

చంద్రమతి గారు ఫోన్ని ఇసకలోకి విసిరేసి షామియానా వైపు పరిగెత్తారు. ఆవిడ మైకు అందుకోవడం చూసి దినకర్ వైరు వైపు కదిలాడు. "లైవ్ ఆపనివ్వండి, ఒక్క నిమిషం, తర్వాత మాట్లాడండి!" అంటున్నాడు. అతనిది దుర్మార్గం కాదు, కంగారు. అయినా నేను అతని మణికట్టు పట్టుకున్నాను. ఊరందరి రహస్యాలు దాచిన నా చేతులకి అంత బలం ఉందని నాకే తెలీదు.

"వదినా!" మైకులో ఆవిడ గొంతు నీళ్ల మీదుగా పాయంతా మోగింది. "తప్పు నీది కాదు, నాది. పసుపూ సున్నం కలిస్తే నా జిగురు ఊడిపోతుంది. నాకు ఇప్పుడే తెలిసింది. నువ్వు పోసిన చోట అతుకు విడిపోతోంది. నిమ్మకాయలన్నీ పిండండి. చేపల పులుసుంటే పొయ్యండి. పులుపేదైనా సరే, సున్నాన్ని విరిచేస్తుంది. ఎరుపు పోయి పసుపు రంగు తిరిగేదాకా పోస్తూనే ఉండండి. అన్నయ్యా, ఇసక మేట మీదికి ఎక్కించెయ్!"

పడవలో పాటలు ఆగిపోయాయి. లోవకుమారి ఫోన్లో మాటనుబట్టి కాకుండా ఆడపడుచు గొంతునుబట్టి నమ్మానని తర్వాత చెప్పింది. చంద్రమ్మ ఏడుస్తూ మాట్లాడటం అత్తగారు పోయిన రోజున కూడా వినలేదట. తనే ముక్కు మీది దండ తెంపి నిమ్మకాయలు నేలకేసి చితక్కొట్టి పిండటం మొదలుపెట్టింది. ఆడవాళ్లు పులుసు గిన్నెలు ఎత్తి ముక్కులోకి కుమ్మరించారు. చేప ముక్కలు పలకల మీద దొర్లుతుంటే, ఎర్రటి చారలు మెల్లగా పసుప్పచ్చగా తిరగసాగాయి.

కానీ బయటివైపు పోసిన నీళ్ల మీద పులుపు పడలేదు. ముక్కు దగ్గర పలక ఒకటి కింది నుంచి తెరుచుకోవడం మాకు ఒడ్డు నుంచే కనిపించింది. నీళ్లు లోపలికి దూకాయి. పిల్లల ఏడుపులు వినిపించాయి. పడవలో నూకరాజు చుక్కాని భార్య చేతిలో పెట్టి ముందుకి పరిగెత్తాడు. ఊడిన పలకని రెండు చేతులా లాగి పట్టుకుని బరువంతా దాని మీద వేశాడు. లోవకుమారి పడవని మళ్లించి, పూర్తి వేగంతో ఇసక మేట మీదికి ఎక్కించింది. దెబ్బకి పలక ఒక్కసారిగా మూసుకుంది. ఆ మోతలో మనిషి కేక కూడా కలిసింది.

నేనూ చంద్రమతి గారూ చేపల నావలో అక్కడికి చేరేసరికి జనమంతా దిబ్బ మీద ఉన్నారు. తడిసి, పులుసు వాసనతో, ఒకరినొకరు లెక్క చూసుకుంటున్నారు. అందరూ ఉన్నారు. నూకరాజు పడవకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది, తువ్వాలు ఎర్రగా తడిసి ఉంది. చూపుడు వేలూ నడిమి వేలూ పలక కింద నలిగిపోయాయి. కాకినాడ తీసుకెళ్లాక డాక్టర్లు వాటిని తీసేయాల్సి వచ్చింది.

చంద్రమతి గారు అన్న పక్కన కూలబడి, పడవ ముక్కు వైపు చూసి, అలాగే ఆగిపోయారు. పలక పూర్తిగా ఊడి నీళ్లలో కొట్టుకుపోవాల్సింది. పోలేదు. పై చివర ఒకే ఒక్క మేకు మీద వేలాడుతోంది. రంగు రాలిన చోట పుట్టీ ఊడి, ఇనపమేకు తల బయటికి కనపడుతోంది. మేకు అంచున పాత పసుపు ఇంకా అంటుకుని ఉంది.

"మీ వదిన వారం రోజులు అన్నం పెట్టలేదే" అన్నాడు నూకరాజు నొప్పితో పళ్లు బిగించి. "ఒక్కటే కొట్టాను. నోట్లో మాట ఆగదని తనకీ చెప్పలేదు. పుట్టీ పెట్టి రంగేసేశాను. నీ కాయితానికి ఏమైనా అడ్డవుతుందా?"

ఆవిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలీదు, రెండూ ఒక్కసారే వచ్చాయనుకుంటాను. అన్న భుజం మీద తల పెట్టుకున్నారు. నేను రాసిన అందమైన వాక్యం ఆ మేకు మీదే వేలాడుతోందని ఆ దిబ్బ మీద నాకొక్కడికే తోచింది. అలాంటి సమయంలో అది తోచినందుకు సిగ్గేసింది.

దినకర్ మర్నాడు ఫోన్ చేసి, కంపెనీ తప్పుకుంటోందని చెప్పి, నూకరాజు చెయ్యి ఎలా ఉందని అడిగాడు. చంద్రమతి గారు ఆ మాటకి ఆశ్చర్యపోలేదు. పరీక్షల కోసం ఉడుంతో అతికించి ఇచ్చిన ప్రతి వస్తువునీ వెనక్కి తెప్పించుకున్నారు. కిటికీ అద్దాలు, కుర్చీలు, కృత్రిమ కాళ్లు. ఆ కాళ్లు పెట్టుకున్నవాళ్ల ఇళ్లకి తనే వెళ్లి, పెళ్లిళ్లలో కాళ్లకి పారాణి పెట్టించుకోవద్దని చేతులు పట్టుకుని చెప్పారు. పారాణి అంటే మళ్లీ పసుపూ సున్నమే కదా. నా చేత దరఖాస్తులోని ఆ అందమైన వాక్యాన్ని కొట్టివేయించారు. దాని స్థానంలో, ఎర్రనీళ్లు తగిలితే ఊడుతుందని మొదటి పేజీలోనే రాయించారు. వద్దండీ, ఇది తెలిస్తే ఎవరూ కొనరన్నాను. "తెలియకుండా కొనేవాళ్లు నాకు వద్దండీ" అన్నారు.

లోవకుమారి మాత్రం చాలాకాలం ఆడపడుచు ముఖం చూడలేకపోయింది. "నా చేతుల్తో నేనే పోశాను" అని ఒకటే మాట. చంద్రమతి గారు ఆ మాట వచ్చిన ప్రతిసారీ, "నువ్వు మీ అత్తగారు చేసినట్టే చేశావు. ఆవిడ కడుపున పుట్టిన నేనే ఎర్రనీళ్లు మర్చిపోయాను" అనేవారు. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల మాట ఒప్పుకోలేదు.

ఈమధ్య పాకలో కొత్త పడవ మొదలుపెడుతున్నారని కబురొస్తే వెళ్లాను. ఉడుమూ పెడతారట, మేకులూ కొడతారట. ముక్కు పలక బిగించి ఉంది. ఆవరణ చివర, పడవకి చాలా దూరంగా, లోవకుమారి పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి పెట్టింది. దిష్టి మనుషులకి మాత్రమేనని ముందే ప్రకటించింది. పసుపు రాసిన మేకు తెచ్చి మొగుడి ఎడమచేతిలో పెట్టింది.

నూకరాజు మేకుని పలక మీద నిలబెట్టి పట్టుకున్నాడు. కుడిచేత్తో సుత్తి ఎత్తబోయాడు. మూడు వేళ్లలో సుత్తి నిలవలేదు, జారి కింద పరిచిన చిరుగుల చాప మీద పడింది. పనివాళ్లంతా ఎటో చూస్తూ నిలబడ్డారు. లోవకుమారి కొంగు నోట్లో కుక్కుకుంది.

చంద్రమతి గారు వంగి సుత్తి తీసుకున్నారు.

"నువ్వెప్పుడైనా కొట్టావా?" అన్నాడు నూకరాజు.

"లేదు. నువ్వు కదలకుండా పట్టుకో."

నూకరాజు ఎడమచేతి వేళ్లు మేకు చుట్టూ బిగించి, చెల్లెలి వైపు చూసి నవ్వాడు.

"మిగిలినవి ఇవేనే తల్లీ. సూసి కొట్టు."

ఆవిడ కళ్లు తుడుచుకుని, మేకు తల మీద మొదటి దెబ్బ వేశారు.